ఊపిరి ఆగిన వేళ తోటి ఉద్యోగియే ప్రాణదాత
(పుదుచ్చేరిలో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాల గురించి, ఖాళీల భర్తీ గురించి మనం తరచుగా చర్చించుకొంటాము. ఈనాడు మరొక విషయాన్ని మీ ముందుంచదలచాము. అది గొంతుకు ఆహారం అడ్డుపడి ఊపిరి ఆగిపోయే ప్రమాదం. నాలుగైదు నిమిషాలపాటు ప్రాణవాయువు అందకపోతే మెదడుకు తీరని హాని ఆరంభమవుతుంది.

ఈ పట్టణాన్నే తీసుకొనండి. రైల్వే స్టేషను దక్షిణపు అంచున, ప్రధాన తపాలా కార్యాలయం రంగపిళ్ళై వీధిలో ఉన్నాయి. పేరెన్నికగన్న జిప్‌మర్ ఆసుపత్రి కొన్ని కిలోమీటర్ల అవతల గోరిమేడులో ఉన్నది. నాలుగు నిమిషాలలో అక్కడికి చేర్చగల వాహనం ఏది? కనుక ఆ క్షణాన వైద్యుడు పక్కన కూర్చున్న తోటి ఉద్యోగియే.

రైలు వచ్చేలోగా రెండు ముద్దలు మింగి పరుగెత్తే పాయింట్స్‌మన్, టపా సంచులు దిగే వేళకు టిఫిను డబ్బా మూసివేసే సార్టర్ తీరికగా నమలడం ఎరుగరు. ఆత్రంగా తినడం, నోట ముద్దతో మాట్లాడడం, మద్యం సేవించి భుజించడం, సరిగా అమరని కట్టుడు పళ్ళు పెద్దలలో ముఖ్య కారణాలు. ఇంటివద్ద అయిదేళ్ళలోపు పిల్లలకు వేరుశనగ పలుకులు, చింతగింజలు, సీతాఫలం గింజలు, నాణేలు, బొత్తాము వంటి బ్యాటరీలు అందనీయరాదు.

పొలమారితే నెత్తిన తట్టి, ఎవరో తలచుకొంటున్నారనడం మన వాడుక. దగ్గు వస్తున్నంతవరకు భయం లేదు; గట్టిగా దగ్గమని ప్రోత్సహించాలి. మాట రాక, దగ్గు రాక, చేతులతో గొంతు పట్టుకొని పెదవులు నీలివర్ణానికి మారుతున్నాయంటే ఆలస్యం చేయరాదు. నీళ్ళు పోయడం, అన్నపు ముద్ద మింగించడం, కనబడని దానికోసం గొంతులో వేలు పెట్టడం అపాయకరం.

ఒకరు 108కి ఫోను చేయాలి. మరొకరు రోగిని ముందుకు వంచి, రెక్కల ఎముకల నడుమ అరచేతి మడమతో అయిదుసార్లు బలంగా చరచాలి. ఫలితం లేకపోతే వెనుక నిలిచి, బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు దిగువ పిడికిలి ఉంచి, రెండవ చేతితో దానిని పట్టి, లోపలికీ పైకీ అయిదుసార్లు నొక్కాలి. అడ్డు తొలగేవరకు ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. గర్భిణులకు, స్థూలకాయులకు పొట్టకు బదులు రొమ్ము మధ్యన నొక్కాలి. ఏడాదిలోపు శిశువు పొట్ట నొక్కరాదు. తల క్రిందికుండునట్లు ముంజేతిపై బోర్లించి వీపుపై అయిదు చరుపులు, వెల్లకిల త్రిప్పి రొమ్ము మధ్యన అయిదు నొక్కుళ్ళు ఇవ్వాలి. స్పృహ తప్పితే నేలపై పరుండబెట్టి గుండె పునరుజ్జీవన చికిత్స మొదలుపెట్టాలి. పొట్ట నొక్కినవారిని, తేరుకొన్నప్పటికీ, వైద్యునికి చూపించాలి.

1974 మన చరిత్రలో మరపురాని సంవత్సరం. మే 8న రైల్వే సమ్మె ఆరంభమై ఇరవై రోజులు సాగింది. ఆ మరుసటి నెలలోనే అమెరికన్ శస్త్రవైద్యుడు హెన్రీ హైమ్లిక్ ఈ పొట్ట నొక్కే పద్ధతిని ప్రకటించారు. అంతకుముందు భోజనశాలలలో ఇట్లా కూలిపోయినవారిని గుండెపోటుతో పోయారని పొరబడిన సందర్భాలు ఎన్నో.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టెను, దానికి శిక్షణ పొందిన బాధ్యుణ్ణి నిర్దేశించింది. కాని అదే చట్టం రైల్వే రన్నింగ్ షెడ్డును ఫ్యాక్టరీ నిర్వచనం నుండి మినహాయించింది. పైగా ఊపిరి ఆగినవానికి పెట్టెలోని దూదీ మందూ అక్కరకు రావు. నేర్చిన చేతులు కావాలి. రన్నింగ్ రూములలో, సార్టింగు కార్యాలయాలలో ప్రతి షిఫ్టునందు శిక్షణ పొందినవారు ఉండాలి. భోజన విరామం కాగితం మీద కాక ఆచరణలో లభించాలి. ఈ రెండు కోర్కెలను ప్రతి శాఖ యాజమాన్యం ముందుంచాలని, శిక్షణకై ఎదురుచూడక ఈ వారమే నలుగురు కూడి ఈ పద్ధతిని తెలిసినవారి వద్ద అభ్యసించాలని విజ్ఞప్తి చేస్తున్నాము. అయితే అభ్యాసంలో ఎవరి పొట్టనూ నిజంగా నొక్కరాదు.

తోటివాని హక్కుకోసం ఎత్తిన పిడికిలి అతని ప్రాణంకోసమూ సిద్ధంగా ఉండాలి.