ఉమ్మడి నీటికి నీరుగంటి ఎవరు?

(హోసూరులో ఉగాది సభయందు చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణములో ఈ సంవత్సరము ఎన్ని కుంచముల వర్షమో విన్నారు. వచ్చిన నీటిని పలు ఊళ్లు కలిసి పంచుకొనుట ఎట్లో నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు నన్ను కోరినారు. విషయము పొడిగా తోచవచ్చును. కాని మన పిల్లల పండ్లు, ఎముకలు దానిపై ఆధారపడి ఉన్నవి.

మన పక్క చెరువులకు నీరుగంటి అని ఒకడుండెడివాడు. తూము ఎప్పుడు ఎత్తవలెను, ఎవరి మడికి ఎంతసేపు పారవలెను అన్నది అతడు చూచుకొనెడివాడు. రైతులు కల్లములో అతనికి ధాన్యము కొలిచి ఇచ్చెడివారు. నీరు ఎంత ముఖ్యమో, నీరు పంచే మనిషి అంత ముఖ్యమని మన పెద్దలు ఎరుగుదురు.

చెరువులు తగ్గి, గొట్టపుబావులు వచ్చినవి. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలది రాతినేల. ఆ రాళ్లలోని ఫ్లోరైడు భూగర్భజలములో కరుగును. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణము. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన, పిల్లల పండ్లపై గోధుమరంగు మరకలు పడును. ఇంకను ఎక్కువైన, పెద్దవారి నడుము, కీళ్లు బిగుసుకొనిపోవును. నీరు కాచినంత మాత్రమున ఈ దోషము పోదు. నీరు ఆవిరియైన కొలది మిగిలినదానిలో ఫ్లోరైడు చిక్కబడును. మన దేశమున ఈ వ్యాధిని మొదట గుర్తించి ప్రకటించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లా తెలుగు పల్లెలలోనే. నల్లగొండ కష్టము మీరెరిగినదే. కనుక ఇది మన బంధువులందరి ఇంటి కథ.

ఒక చిన్న ఊరు తనంత తాను కావేరిని తెచ్చుకొనలేదు. అందుకే హొగెనక్కల్ పథకము వచ్చినది. 2008లో శంకుస్థాపన జరిగినది. ఆ సంవత్సరమే రెండు రాష్ట్రముల నడుమ వివాదమును చెలరేగినది. జపాను ఋణసహాయముతో సాగి 2013లో ప్రారంభమైనది. రెండు జిల్లాల పట్టణములకు, వేలాది పల్లెలకు ఒకే నది నీరు. ఇది గొప్ప పని. అయితే ఇట్టి ఉమ్మడి పథకము కట్టుటకంటె నడుపుట కష్టము.

ఒక చిన్న లెక్క చూడండి. ఐదు ఊళ్లు, ఊరికి రెండువేల మంది అనుకొందము. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ ప్రకారము మనిషికి దినమునకు 55 లీటర్లు. అనగా దినమునకు 5,50,000 లీటర్లు. ఈ నీటిని నూరు మీటర్ల ఎత్తుకు తోడుటకు, పంపులలో వృథాయగు శక్తిని కూడ కలుపుకొన్న, దినమునకు సుమారు 230 యూనిట్ల విద్యుత్తు కావలెను. హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. హొగెనక్కల్ అంతకంటె ఎంతో దిగువన ఉన్నది. గొట్టములకు ఒకసారి డబ్బు పెట్టిన చాలును. కరెంటు బిల్లు మాత్రము నెలనెల వచ్చును. ఆ బిల్లు ఏ ఊరు ఎంత భరించవలెనో మొదటనే వ్రాసికొనని పథకము, ప్రారంభోత్సవపు తోరణములు వాడకముందే తగవులకు ఎక్కును.

ఇంకొక ముఖ్య సంగతి కడపటి ఊరిది. మొదటి ఊళ్లలో కొళాయిలు తెరచియుంచినను, దారిలో దొంగ కలుపులు పెట్టినను, గొట్టము నిండా పారిన నీరు చివర చుక్కలుగా మారును. కనుక పథకము గీయునప్పుడు లెక్క నది ఒడ్డున కాక, కడపటి ఊరి తొట్టివద్ద ప్రారంభింపవలెను. అక్కడ దినమునకు ఎంత చేరవలెను? దానికి ఎంత ఒత్తిడి కావలెను? అది తేలిన పిదప వెనుకకు లెక్కించుకొనుచు రావలెను. ప్రతి ఊరి ముఖమున మీటరు ఉండవలెను. కొలత లేనిచోట నమ్మకము నిలువదు.

ఒకే గొట్టమునకు అందరిని కట్టవలెనన్న నియమమును లేదు. 1990ల నడుమ అనంతపురము జిల్లాలో సత్యసాయి సంస్థ ఏడువందలకు పైగా గ్రామములకు నీరిచ్చినప్పుడు కొన్నింటికి జలాశయముల నుండి, కొన్నింటికి ఏటి ఇసుకలోని ఊటబావుల నుండి, దూరముగా విడిగా ఉన్నవాటికి గొట్టపుబావుల నుండి ఇచ్చినారు. మనకును ఇది పాఠము. త్రాగుటకు, వంటకు నది నీరు. బట్టలకు, పశువులకు ఊరి నీరు. నది నీరు వచ్చినదని చెరువు పూడ్చుకొన్న ఊరు, పంపు చెడిన దినమున దిక్కులేనిదగును.

73వ రాజ్యాంగ సవరణ త్రాగునీటిని పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. కాని ఒక్కొక్క పంచాయతీ విడిగా అడిగిన, పెద్ద గొట్టము మాట వినదు. ఒకే గొట్టము మీది ఊళ్లన్నియు కలిసి సంఘముగా ఏర్పడవలెను. మొదటి ఊరికి ఎన్ని ఓట్లో కడపటి ఊరికిని అన్నియే ఉండవలెను. వాల్వు త్రిప్పే మనిషికి నెలజీతము సక్రమముగా అందవలెను; అతడే నేటి నీరుగంటి. నీరు విడుచు వేళలు, వచ్చిన లీటర్లు పలకపై వ్రాయవలెను. మన ఊళ్లలో తెలుగు, కన్నడము, తమిళము మాటాడువారు ఒకే కొళాయివద్ద నిలుచుందురు కనుక ఆ పలక మూడు భాషలలోను ఉండవలెను.

తమిళనాడులో 2022లో ప్రపంచ జలదినమైన మార్చి 22న కూడ గ్రామసభ జరుపుట ఏర్పాటైనది. ఉగాదికి కొంచెము ముందో వెనుకో వచ్చు దినమది. మన సంఘ సభ్యులు తమ తమ ఊళ్ల సభలకు వెళ్లి మూడు ప్రశ్నలు అడుగవలెనని నా ప్రార్థన: మన నీటిలో ఫ్లోరైడు ఎంత? నిన్న మన తొట్టికి ఎన్ని లీటర్లు వచ్చినవి? మన గొట్టములో కడపటి ఊరు ఏది, దానికి ఎన్ని వచ్చినవి? మూడవ ప్రశ్న మన ఊరి కోసము కాదు, పొరుగు ఊరి కోసము. దానిని అడుగువాడు ఒక్కొక్క ఊరిలో ఒక్కడైన ఉన్ననాడు ఉమ్మడి నీరు నిలుచును.