పంట వెయ్యకుండా దొంగెవరు?

(పల్లెలో సాయంత్రం సభలో ఒక బడిపంతులు మాట్లాడిన మాటలు)



భూమి గురించీ కూలి గురించీ పెద్దలు చెప్పారు. నేను పంతుల్ని గనుక పిల్లల ఆటల గురించి చెబుతాను. నవ్వకండి.

మనందరం చిన్నప్పుడు పంటలు వేసినవాళ్ళమే. ముగ్గురు చేతులు కలిపి ఊపి, ఒక్కసారే వేస్తారు. ఇద్దరివి బోర్లా పడి ఒకడిది వెల్లకిలా పడితే వాడు పండినట్టు, పక్కకి తప్పుకుంటాడు. చివరికి ఇద్దరే మిగిలితే, పండినవాడొకడు సాయంగా చెయ్యి కలుపుతాడు. మిగిలిపోయినవాడు దొంగ. దాగుడుమూతలకైనా, కోతికొమ్మచ్చికైనా ముందు ఇదే. చెయ్యి చెయ్యి తగలకుండా పంట లేదు. ఎవరి కొడుకువని పంట అడగదు.

నేను పనిచేసిన ఒక ఊళ్ళో పిల్లలు పంట వెయ్యకుండానే ఆట మొదలెట్టారు. మన పల్లె పిల్లోడు గోడకి మొహం పెట్టి అంకెలు లెక్కపెడుతున్నాడు. ఇదేందిరా అంటే, "వాడు రోజూ దొంగేనండి" అన్నారు. వాడు కూడా అవునన్నట్టు తలూపాడు. నాకు కడుపులో దేవింది ఆ తలూపడం చూసే.

ఆటలో దొంగ పేరు కాసేపే. కానీ తెల్లదొరలు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ తెచ్చి, మన ఎరుకల వాళ్ళని పుట్టుకతోనే దొంగలన్నారు. చట్టం 1952లో పోయింది. ఆ మాట ఊళ్ళల్లో పోయిందా? మీరే చెప్పండి.

సరే, పంట వెయ్యమన్నాను. ఊరి పిల్లోడొకడు చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. "మా అమ్మ తిడుద్దండి" అన్నాడు. వాణ్ణేం అంటాం, ఎనిమిదేళ్ళోడు! మూడో చెయ్యి నేనే పెట్టాను. నేనూ పల్లె వాణ్ణేనని వాడికి తెలుసు. భయంతోనో, ఆట మీద ఆశతోనో, వాడూ పెట్టాడు. వాడే దొంగయ్యాడు. ఏడవలేదు, పరిగెత్తి గోడ దగ్గరికి పోయాడు.

మర్నాడు వాళ్ళ నాన్న బడికొచ్చాడు. "మావోణ్ణి దొంగని చేశారంటగా మాస్టారూ?"

"నేను చెయ్యలేదండీ, పంటలో తేలింది" అన్నాను. ఆయన చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. పిల్లోణ్ణి మాత్రం బడి మాన్పించలేదు.

కార్యకర్తలకి ఒక్క మాట. మీరు ఊరికి పోయినప్పుడు హోటల్లో గ్లాసులు చూస్తారు, మంచిదే. ఇంటర్వెల్లో బడి దగ్గర కూడా ఒక పావుగంట నిలబడండి. గోడ దగ్గర ఎవరున్నారో చూసి, పంట వేశారా అని అడగండి.

జై భీమ్.