నూలుకు ఇంటిలోనే రంగు
(సంఘము వారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు సెలవిచ్చినప్పుడు నేను వెనుకాడాను. నేను రైల్వేలో గుమాస్తాను. పది తరగతులకు మించి చదివినవాడను కాను. నేను రంగులను గురించి మాట్లాడతానంటే ఆఫీసులోని మిత్రులు, "ఎర్రజెండా, పచ్చజెండా తప్ప నీకేమి తెలుసునోయ్?" అని వేళాకోళము చేశారు. కాని మన సంఘములో స్త్రీలు అల్లికపని మొదలుపెట్టారు. కొందరు రెండు సూదులతో స్వెట్టర్లు అల్లుతున్నారు. కొందరు ఒంటి కొక్కెముతో క్రోషా లేసు అల్లుతున్నారు. బజారుకు పోతే కోరిన రంగు దొరకదు. దొరికినా, పని సగములో నూలు అయిపోయి మళ్ళీ పోతే అదే ఛాయ దొరకదు. "ఇంట్లోనే రంగు వేసుకోలేమా?" అని ఒక అక్కగారు అడిగారు. ఆమె ప్రశ్నకు జవాబు చెప్పడానికే నేడు నిలబడ్డాను.

ఈ షోలాపూరులో, మన మధ్య, ఈ ప్రశ్న పుట్టడమే వింత. మన తాతముత్తాతలు తెలంగాణపు పల్లెలు విడిచి మగ్గము కోసము, మిల్లు కోసము ఇక్కడికి వచ్చినవారు. ఈ ఊరి చద్దర్లు దేశమంతా ఎరిగినవి. ఆ చద్దర్ల నూలును రంగులో ముంచి, పిండి, దండెము మీద ఆరవేసిన చేతులలో మనవారి చేతులు ఎన్నో ఉన్నాయి. మా తాత అటువంటి పనివాడే. పండుగనాడు తలంటి పోసుకొన్నా ఆయన మోచేతుల వరకు నీలము పోయేది కాదు. మా అమ్మ కూడా పెళ్ళికి ముందు ఆ పనిలో చేయి పెట్టినదే. నేను చిన్నతనములో రంగుతొట్టి దగ్గరకు పోతే ఆమె చెవి పట్టుకొని ఇవతలకు లాగి, "గీ రంగు చేతులు మాతోనే ఆగిపోవాలె బిడ్డా. నువ్వు కలం పట్టు" అనేది. నేను కలమే పట్టాను. ఒక్క తరములో విద్య మా ఇంటి గడప దాటి పోయింది.

అది పోయిందని నాకు తెలిసిన రోజు చెబుతాను. మా చెల్లెలికి కొడుకు పుట్టినప్పుడు నా భార్య తెల్లనూలు, ఎర్రనూలు కలిపి క్రోషాతో టోపీ, చిన్న చొక్కా అల్లినది. ఎర్రరంగు నేనే వేశాను. దుకాణములో పొడి కొని, చీటీ మీద ఉన్నట్లు ఉప్పు, సోడా కలిపి ముంచాను. రంగు బ్రహ్మాండముగా వచ్చింది. సంతోషముతో రెండుసార్లు జాడించి ఆరవేశాను. నామకరణము నాడు అందరూ మెచ్చుకొన్నారు. మొదటిసారి ఉతకగానే తెలుపంతా గులాబీ మరకలైపోయింది. చెల్లెలు ఏమీ అనలేదు. కాని ఆ చొక్కా మళ్ళీ పిల్లవాని ఒంటి మీద నేను చూడలేదు. మా అమ్మ మాత్రము నన్ను ఒక్క మాటే అడిగింది: "నీళ్ళు తెల్లగ వచ్చేదాక కడిగినవా?"

కడుగలేదు. ఆ రోజు నుండి ఆమె దగ్గర కూర్చుని మొదటి నుండి నేర్చుకొన్నాను. దాని సారాంశమే ఇప్పుడు మనవి చేస్తున్నాను.

మొదటి పాఠము: చేతిలో ఉన్న నూలు ఏదో తెలుసుకొనవలెను. నేడు బజారులో "ఊలు" అని అమ్మేదానిలో చాలా భాగము గొఱ్ఱె ఉన్ని కాదు. యాక్రిలిక్ అనే కృత్రిమపు దారము. దానికి మనము ఇంటిలో కాచే రంగు ఏదీ పట్టదు. పరీక్ష సులభము. ఒక పోగు తీసి, పట్టకారుతో పట్టి, నీళ్ళ పళ్ళెము మీద నిప్పు అంటించి చూడండి. కాగితము కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగిలితే అది ప్రత్తి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బొగ్గు మిగిలితే అది ఉన్ని. కరిగి గట్టిపూసగా మారితే కృత్రిమము. దానిని అట్లే అల్లుకొనండి. రంగుకు మాత్రము పెట్టకండి.

రెండవ పాఠము: శుద్ధి. ఉండగా ఉన్న నూలును ముంచకూడదు. లోపలికి రంగు పోదు. చిలపగా చుట్టి నాలుగు చోట్ల వదులుగా కట్టవలెను. కట్టు బిగిస్తే అక్కడ తెల్లమచ్చ మిగులుతుంది. పొడిగా ఉండగానే తూచి బరువు వ్రాసుకొనవలెను, ఎందుకంటే తక్కిన కొలతలన్నీ ఆ బరువును బట్టే. 100 గ్రాముల ప్రత్తినూలుకు మూడు లీటర్ల నీళ్ళలో ఒక చెంచా చాకలిసోడా, కొంచెము సబ్బు వేసి ఒక గంట ఉడికించండి. తెల్లగా కనబడే నూలు నుండి పసుపుపచ్చని మురికినీరు దిగడము చూసి ఆశ్చర్యపోతారు. అది ప్రత్తిలోని మైనము, జిడ్డు. అది పోకపోతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఉన్నికి సోడా పనికిరాదు. అది ఉన్నిని పాడుచేస్తుంది. ఉన్నిని గోరువెచ్చని నీళ్ళలో కొద్ది కుంకుడురసముతో నానబెడితే చాలును.

మూడవ పాఠము అసలైనది. ఈ ఉదయము మనమందరము ఉగాది పచ్చడి తిన్నాము. అందులో మామిడిపిందె వగరు నాలుకను పట్టుకొన్నది కదా. వగరు అంటే పట్టుకొనే గుణము. కరక్కాయలో ఆ వగరు మెండుగా ఉన్నది. ప్రత్తికి తనంతట తాను చెట్ల రంగులను పట్టుకొనే శక్తి తక్కువ. అందుచేత ముందు కరక్కాయ వగరు పట్టించి, దాని మీద పటిక పట్టిస్తే, ఆ పటిక రంగును పట్టి ఉంచుతుంది. మచిలీపట్నపు కలంకారీ అద్దకము వారు నేటికీ గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి పని ఆరంభిస్తారు. చీరాలలోను, పుట్టపాకలోను ప్రసిద్ధికెక్కిన తేలియా రుమాళ్ళకైతే నూలును నూనె, బూడిదనీళ్ళలో ఎన్నో రోజులు మర్దించి, ఆ తరువాతనే ఎరుపు వేసేవారు. రంగు గొప్పదనము రంగులో కాదు, దానికి ముందు చేసే పనిలో ఉన్నది.

100 గ్రాముల ప్రత్తినూలుకు కరక్కాయ పొడి 20 గ్రాములు. వేడినీళ్ళలో నానబెట్టి వడకట్టి, ఆ నీళ్ళలో చిలపను రాత్రంతా ఉంచండి. పిండి, జాడించకుండా నీడలో ఆరవేయండి. మరునాడు 20 గ్రాముల పటికను వేడినీళ్ళలో కరిగించి అందులో కొన్ని గంటలు ఉంచి, ఒక్కసారి తేలికగా జాడించండి. నూలు సిద్ధమైనది.

ఇక రంగు. ఖర్చు లేనిది ఉల్లిపొట్టు. నూలు ఎంత బరువో పొట్టు అంత బరువు కావలెను. నెల రోజులు సంచిలో కూడబెట్టండి. గంటసేపు కాచి, వడకట్టి, ఆ రసములో తడిసిన చిలపను మరొక గంట సన్నని మంట మీద ఉంచి, అందులోనే చల్లారనివ్వండి. బంగారు వన్నె నుండి ఇటుక వన్నె వరకు వస్తుంది. దానిమ్మ తొక్కు, మోదుగపూలు కూడా పసుపు వన్నెలు ఇస్తాయి. ఇవి కూడా ఎండలో పడి ఉంటే మెల్లగా వెలుస్తాయి గనుక నీడలోనే ఆరవేయండి.

ఉన్నికి కరక్కాయ అక్కరలేదు. 100 గ్రాములకు 10 గ్రాముల పటిక చాలును. కాని ఉన్నికి తొందర పనికిరాదు. చల్లని నీళ్ళ నుండి మెల్లగా వేడి చేయవలెను, కుతకుత ఉడకనీయకూడదు, గరిటెతో తిప్పకూడదు, వేడినీళ్ళ నుండి తీసి చల్లనీళ్ళలో పడవేయకూడదు. ఏది చేసినా గడ్డకట్టి కంబళిముక్క అవుతుంది.

పసుపు సంగతి అందరూ అడుగుతారు. పసుపు ఏ సాయము లేకుండా ప్రత్తికి అంటుతుంది, కన్నుల పండుగగా ఉంటుంది. కాని ఎండకు నిలువదు, సబ్బుకు నిలువదు. పసుపు, సున్నము కలిస్తే పారాణి ఎర్రబడడము మనము ఎరిగినదే. పసుపురంగు చొక్కాకు సబ్బు తగిలినా అదే జరుగుతుంది. పూజగుడ్డకు సరే, పిల్లల టోపీకి వద్దు.

ఇప్పుడు నలుపు. కరక్కాయ పట్టించిన నూలును కొద్ది అన్నభేది నీళ్ళలో ముంచితే కన్నుమూసి తెరిచేంతలో బూడిదరంగు, ఆపైన నలుపు వస్తుంది. 100 గ్రాములకు 2 గ్రాములు మించకూడదు. మించితే ఇనుము నూలును కొరికి పెళుసు చేస్తుంది. నేను మొదటిసారి ఇది చేసినప్పుడు మా అమ్మ నవ్వి, పూర్వము ఊళ్ళో కరణాలు వ్రాసిన కరక్కాయ సిరా ఇదేనని చెప్పింది. కరక్కాయ, అన్నభేది, అంతే. "కలం పట్టుమంటె పట్టినవ్. ఆ కలంల ఉన్నది గూడ మన రంగే" అన్నది. ఆఫీసులో కూర్చుని నేను ఆ మాటను ఎన్నిసార్లు తలచుకొన్నానో చెప్పలేను.

చెట్ల రంగులే మంచివి, పొడిరంగులన్నీ చెడ్డవి అని నేను అనను. 1856లో పెర్కిన్ అనే 18 ఏళ్ళ ఆంగ్ల విద్యార్థి మందు చేయబోయి ఊదారంగు చేశాడు. 1868లో మంజిష్ఠలోని ఎరుపును జర్మనీ శాస్త్రజ్ఞులు కృత్రిమముగా చేశారు. 1897లో కృత్రిమ నీలిమందు బజారుకు వచ్చింది. మన తీరములోని చిరివేరు, మన పొలాలలోని నీలి వాటితో వెనుకబడిపోయాయి. 1956లో ప్రత్తితో నేరుగా రసాయనికముగా కలిసిపోయే రంగులు వచ్చాయి. వీటికి నిప్పు కూడా అక్కరలేదు. 100 గ్రాముల నూలుకు రెండు లీటర్ల నీళ్ళు, 2 గ్రాముల రంగు, 100 గ్రాముల ఉప్పు. ఉప్పు రంగును నూలు వైపు నెడుతుంది. అరగంట తరువాత చిలపను పైకి తీసి, 20 గ్రాముల సోడా యాష్ కరిగించి, మళ్ళీ ముంచి ఒక గంట ఉంచండి. సోడాయే రంగును నూలుతో ముడివేస్తుంది.

అయితే వేసిన రంగంతా ముడిపడదు. కొంత నీళ్ళతోనే కలిసి వ్యర్థమై, నూలులో ఊరకనే దాగి ఉంటుంది. నా మేనల్లుని చొక్కాను పాడుచేసినది అదే. దానిని వెళ్ళగొట్టడానికి ముందు చల్లని నీళ్ళు, తరువాత బాగా వేడినీళ్ళు, సబ్బు, మళ్ళీ వేడినీళ్ళు, ఇట్లా నీళ్ళు తెల్లగా వచ్చే వరకు కడుగవలెను. ఆపైన తడి చిలపను తెల్లగుడ్డలో చుట్టి రాత్రి ఉంచండి. తెల్లవారి గుడ్డకు మరక లేకపోతేనే తెల్లనూలు పక్కన అల్లండి.

తల్లులకు మూడు హెచ్చరికలు. పొడిరంగు గాలిలో లేచి ఊపిరిలో పోతే కొందరికి ఉబ్బసము వంటి బాధ పట్టుకొంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకొని, పిల్లలను దూరముగా ఉంచి, తలుపులు తెరచి కలపండి. రంగుకు వాడిన గిన్నె మళ్ళీ వంటకు రాకూడదు. ఒక స్టీలు గిన్నెను విడిగా పెట్టుకొనండి. పేరు, ఊరు లేని పొట్లాల రంగు కొనకండి. కొన్ని ఎజో రంగుల నుండి క్యాన్సరు కలిగించే పదార్థాలు విడుదల కాగలవు గనుక 1997లో మన ప్రభుత్వము అటువంటివాటిని నిషేధించింది. పసిపిల్లలు టోపీ అంచు నోట పెట్టుకొంటారని మరువకండి.

చివరగా ఒక గుమాస్తా సలహా. కావలసిన దానికన్న ఒక చిలప ఎక్కువగా, అంతా ఒకే తొట్టిలో వేయండి; అదే ఛాయ మళ్ళీ రావడము కష్టము. ప్రతిసారి నూలు బరువు, పటిక, రంగు, సమయము పుస్తకములో వ్రాసి, పక్కన ఒక పోగు అంటించండి. మా తాత కొలత కంటిలో ఉండేది, ఆయనతో పోయింది. మా అమ్మ కొలత గుప్పిటిలో ఉన్నది. ఆ గుప్పెళ్ళను ఒక్కొక్కటే తక్కెడలో తూచి నేను గ్రాములలో వ్రాసుకొన్నాను. నేడు మీకు చదివిన లెక్కలలో చెట్ల రంగులవి ఎక్కువగా అవే.

మన పిల్లలు రంగుతొట్టి దగ్గర బ్రతకాలని నేను కోరను. మా అమ్మ కోరినట్లే వారు చదువుకోవలెను. కాని చదువుకొన్నవాడు తల్లి చేతిలోని విద్యను అడిగి వ్రాసి ఉంచితే చిన్నతనము కాదు. మీ ఇళ్ళలో ఇటువంటి చేతులు ఇంకా ఉన్నాయి. ఈ పండుగకు వారి పక్కన కూర్చుని అడగండి.

వచ్చే ఆదివారము సాయంకాలము అల్లిక తరగతిలో మా అమ్మ కూర్చుంటుంది. ఒక్కొక్క తెల్లచిలప, ఒక గుప్పెడు ఉల్లిపొట్టు తెచ్చుకొనండి. కడుగవలసిన నీళ్ళు నేను మోస్తాను.