పొలంలో పండింది కంచంలోకి రావాలి



హోసూరు, డెంకణికోట, శూలగిరి, వేపనపల్లి ప్రాంతాల మన రైతు కుటుంబాలకు సేద్యం గురించి ఒకరు చెప్పనక్కరలేదు. రాయకోట టమోటా, హోసూరు క్యాబేజీ, కృష్ణగిరి మామిడి ఎంతెంత దూరం పోతున్నాయో మీకు తెలిసిందే. వానను నమ్ముకున్న చేలల్లో రాగి, అనుము, ఉలవ, చెనక్కాయ నేటికీ పండుతున్నాయి. ఇన్ని పంటలున్న చోట ఇంటిల్లిపాదీ ఆరోగ్యంగా ఉండాలి. నిజంగా ఉన్నామా అన్నది ఈనాటి మన ప్రశ్న.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడులో 15 నుంచి 49 ఏళ్ళ వయసు స్త్రీలలో నూటికి 53 మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలలు నిండి, అయిదేళ్ళు నిండని పిల్లల్లో నూటికి 57 మందికి ఉంది. కలుపు తీస్తుంటే కళ్ళు తిరుగుతాయి, నీళ్ళబిందె ఎత్తితే ఆయాసం వస్తుంది. ఎండదెబ్బ అనుకుని ఊరుకుంటాం. చాలా ఇళ్ళలో దాని అసలు కారణం ఒంట్లో ఇనుము చాలకపోవడమే. రక్తం తక్కువగా ఉన్న తల్లికి కాన్పు ప్రాణాపాయం కావచ్చు. ఆమెకు పుట్టే బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు.

లోపం ఎక్కడుంది? పొలానికీ కంచానికీ మధ్య దూరం పెరిగింది. మన పెద్దలు పొద్దున అంబలి తాగి, మధ్యాహ్నం సంగటిముద్దలో ఉలవచారు పోసుకుని, ఆకు పులగూర కలుపుకుని తినేవారు. సామ అన్నం, కొర్ర అన్నం ఉండేవి. తరువాత రేషన్ బియ్యం వచ్చింది. 2011 జూన్ నుంచి తమిళనాడులో అది ఉచితంగానే ఇస్తున్నారు. ఆ బియ్యం ఎన్నో ఇళ్ళలో పస్తులు తప్పించింది, దాన్ని తప్పుపట్టకూడదు. కాని మూడు పూటలా తెల్లన్నం, పలుచటి చారు మాత్రమే అయితే కడుపు నిండుతుంది, ఒళ్ళు నిండదు. ఇంటి టమోటా, చిక్కుడు లారీ ఎక్కి బెంగుళూరు పోతాయి. ఆ డబ్బులో కొంత బిస్కెట్టు పొట్లంగా, చిప్సు పొట్లంగా ఇంటికి వస్తుంది. ఇది లాభమో నష్టమో మీరే లెక్క చూడండి.

రాగి సంగతి తీసుకుందాం. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది పది మిల్లీగ్రాములకు మించదు. పెరిగే పిల్లల ఎముకలకు, బాలింతలకు ఇంతకన్నా చవకగా దొరికే బలం అరుదు. ఉలవల్లో నూటికి 22 వంతుల దాకా మాంసకృత్తులు ఉంటాయి. అయినా సంగటి బీదవాళ్ళ తిండి అని మనమే చులకన చేశాం. చుట్టాలొస్తే సంగటి పెట్టడానికి మొహమాటపడతాం. అదే రాగి, నగరంలో రంగుల పొట్లంలో బిస్కెట్టుగా అమ్మితే డబ్బులిచ్చి కొంటాం.

ఇతరులు మాత్రం దీని విలువ గుర్తించారు. కర్ణాటకలో లక్ష్మణయ్య అనే శాస్త్రవేత్త మన దేశపు రాగిని ఆఫ్రికా రాగితో సంకరపరచి ఇండాఫ్ రకాలను రూపొందించారు. మన కావేరిపట్టణం దగ్గర పైయూరులో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయపు పరిశోధన కేంద్రం ఉంది. పైయూరు పేరుతోనే రాగి, సామ, ఉలవ రకాలు అక్కడి నుంచి వచ్చాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం నీలగిరి, ధర్మపురి జిల్లాల్లో రెండు కిలోల బియ్యానికి బదులు రెండు కిలోల రాగులు రేషన్‌లో ఇవ్వడం ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది.

సామ, కొర్ర మన ఇళ్ళ నుంచి పోవడానికి మరో కారణం ఉంది. వాటి పొట్టు తీయడానికి ఆడవాళ్ళు గంటల తరబడి దంచాలి. ఆ చాకిరీ తగ్గకుండా పాత తిండికి రమ్మంటే ఎవరొస్తారు? అందుకే 2011 తరువాత అంచెట్టి ప్రాంతంలో ధాన్ ఫౌండేషన్ చిరుధాన్యాల మీద పనిచేసినప్పుడు, పొట్టు తీసే చిన్న యంత్రాల మీద కూడా దృష్టి పెట్టారు. ఊరికొక చిన్న మిల్లు ఉంటే సామ అన్నం తిరిగి పొయ్యి ఎక్కుతుంది.

ఇక మనం చేయగలిగిన పనులు చూద్దాం.

మొదటిది పొలంలో. రాగి చేనులో కొన్ని సాళ్ళకొకసారి అనుము, అలసంద, కంది వేయడం మన పెద్దల పద్ధతి. దాన్ని వదలకండి. వాన తప్పి ఒకటి పోయినా ఇంకొకటి దక్కుతుంది. పప్పుజాతి పంట నేలకు నత్రజనిని చేరుస్తుంది. టమోటా, పూలతోట వేసేవారు కూడా గట్టు పక్కన నాలుగు సాళ్ళు ఇంటి కోసమని ముందే కేటాయించుకోండి. దాన్ని అమ్మకం లెక్కలో కలపవద్దు.

రెండవది పెరట్లో. ఒక సెంటు స్థలం చాలు. మునగచెట్టు ఒకటి, కరివేపాకు ఒకటి, బొప్పాయి రెండు, నిమ్మ ఒకటి. మిగిలిన చోట చిన్న మళ్ళు కట్టి తోటకూర, బచ్చలి, మెంతి, గోంగూర వంతులవారీగా చల్లుకోవాలి. తోటకూర నెల తిరగకుండా కోతకు వస్తుంది. గిన్నెలు కడిగిన నీళ్ళు, బియ్యం కడుగు ఆ మళ్ళకు మళ్ళించవచ్చు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారం పెద్దవారికి రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పప్పులు సుమారు 85 గ్రాములు ఉండాలి. కొనాలంటే భారమే. అందుకే పెరడు కావాలి.

మూడవది వంటింట్లో. రాగిలో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటికి అంత సులువుగా పట్టదు. భోజనంలో నిమ్మకాయ పిండుకున్నా, ఉసిరికాయో జామకాయో తిన్నా బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగితే పట్టేది కూడా పట్టదు. టీకి ఒక గంట గడువివ్వండి. ఆకుకూర కోశాక కడగవద్దు, కడిగాక కోయండి.

ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతోపాటు రాగిమాల్టు మొదలుపెట్టవచ్చు. రాగులు ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చాక నీడన ఆరబెట్టాలి. దోరగా వేయించి, మొలకలు నలిపి తీసేసి పిండి పట్టించాలి. రెండు పాళ్ళ రాగికి ఒక పాలు వేయించిన పెసలు, గుప్పెడు చెనక్కాయలు కలిపితే మరీ మంచిది. మొలక కట్టించడం వల్ల అరుగుదలా, ఇనుము పట్టడమూ మెరుగవుతాయి. జావ చెంచా నుంచి జారిపోయేంత పలుచగా ఉండకూడదు.

నాలుగవది అన్నిటికన్నా కష్టమైనది. మన ఇళ్ళలో మగవాళ్ళు ముందు, పిల్లలు తరువాత, చివరికి గిన్నె అడుగున మిగిలింది ఇంటావిడ తింటుంది. పప్పు అయిపోతే మజ్జిగతో సరిపెట్టుకుంటుంది. చూలాలైనా ఇదే వరస. పెరట్లో ఎన్ని పండినా ఈ వరస మారకపోతే రక్తహీనత పోదు. అన్నా, తమ్ముడూ, ఇది మీకు చెబుతున్నాను. ఒక్క పూటైనా అందరూ కలిసి కూర్చుని తినండి. కూర అందరికీ సమంగా వచ్చిందా అని చూడండి. ఆడపిల్లకు గుడ్డు పెట్టడం దుబారా కాదు.

ఈ మాటలు ఊరూరా పాకడానికి మనకు దారి ఉంది. 1989లో అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సహాయంతో తమిళనాడులో మహిళా స్వయం సహాయక సంఘాలు మొదలైంది ధర్మపురి జిల్లాలోనే. కృష్ణగిరి జిల్లా 2004లో విడిపోయింది కనుక ఆనాటికి మన ఊళ్ళు కూడా అందులోనివే. పొదుపు నేర్పిన ఆ సంఘాలే పోషణ కూడా నేర్పగలవు. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు బీడుపడ్డ నేలల్లో జొన్న, కొర్ర, పప్పులు కలిపి పండించి, విత్తనం తామే దాచుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వారికి వచ్చింది. వారూ మనలాంటి మెట్టరైతులే.

మీ సంఘం సమావేశంలో డబ్బు లెక్క ముగిశాక పావుగంట తిండి లెక్క పెట్టుకోండి. ఈ వారం మన పొలంలో పండినవి ఏమిటి, వాటిలో మన కంచంలోకి వచ్చినవి ఏమిటి? అంగన్‌వాడీ కార్యకర్తను పిలిచి బిడ్డల బరువులు అడగండి. గర్భిణులు ఇనుము మాత్రలు వాడుతున్నారో లేదో కనుక్కోండి. ఒకరి పెరట్లోని మునగకొమ్మ ఇంకొకరి పెరట్లో నాటండి. వానాకాలంలో కొమ్మ సులువుగా నాటుకుంటుంది.

పండించినది అమ్ముకోవాలి, తప్పదు. అమ్మేముందు ఇంటి పాలు తీసి పక్కన పెట్టండి. బిడ్డ కంచం నిండాకే బుట్ట సంతకు పోవాలి.