పొరపాటున వచ్చిన బిడ్డ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఆశతో గడప త్రొక్కిన బిడ్డను చూచి, "మేము కోరినది నిన్ను కాదు" అన్నచో ఆ పసిమనస్సు ఏమగును? ఈ ప్రశ్నపై నిలిచిన నవల "ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్". కెనడా రచయిత్రి ఎల్. ఎం. మాంట్‌గొమరీ దీనిని వ్రాయగా 1908లో బోస్టన్ నగరమున అచ్చయ్యెను.

ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపమున మాథ్యూ, మరిల్లా అను అన్నాచెల్లెండ్రు కలరు. ఇద్దరును అవివాహితులు, వయసు మీరినవారు. పొలము పనికి సాయముగా అనాథశరణాలయమునుండి ఒక మగపిల్లవానిని కోరిరి. రైలు దిగినది మాత్రము పదునొకండేండ్ల ఆడపిల్ల. ఎఱ్ఱని జడలు, సన్నని దేహము, ఆగని మాటలు. పేరు ఆన్. తాను అక్కరలేనిదానినని తెలిసి ఆ రాత్రి ఏడ్చెను.

ఈ పిల్లవలన తమకేమి ప్రయోజనమని మరిల్లా లెక్కించెను. తమవలన పిల్లకేమి మేలగునని మాథ్యూ తలచెను. నవల యంతయు ఈ రెండు తలంపుల నడుమనే నడచును. మరునాడు మరిల్లా పిల్లను వెనుకకు పంపుటకు బండిపై తీసికొనిపోయెను. కాని పనిపిల్లలను పీడించునని పేరుపడిన ఒక స్త్రీ ఆమెను కోరగా, అప్పగించుటకు మరిల్లాకు చేతులు రాలేదు. తిరిగి ఇంటికే తెచ్చుకొనెను.

అనాథల కథలు తఱచుగా కన్నీటిని కోరును. ఈ కథ నవ్వును గూడ కోరును. ఆన్ పండ్లరసమనుకొని స్నేహితురాలికి మద్యము పోయును. నల్లని జుట్టు కావలెనని రంగు పూసికొని ఆకుపచ్చ జుట్టు తెచ్చుకొనును. జడను వెక్కిరించిన సహపాఠి తలపై పలక విరుగగొట్టును. పాఠకుడు ఆమెపై జాలిపడుట మాని, ఆమెతో చెలిమి చేయును.

రచయిత్రికి ఈ వేదన క్రొత్తది కాదు. రెండేండ్లు నిండకముందే తల్లి మరణించెను. తండ్రి పశ్చిమ ప్రాంతమునకు వెడలిపోగా, ఆమె తాతయింట పెరిగెను. ఆమె నవలను పలువురు ప్రకాశకులు త్రిప్పిపంపిరి. అది కొంతకాలము టోపీల పెట్టెలో పడియుండి, పిదప వెలుగు చూచెను.

జపానులో మురఓకా హనకో 1939లో ఒక మిత్రురాలి కానుకగా ఈ పుస్తకమును పొందెను. ఆంగ్లము శత్రుభాషగా ఎంచబడిన యుద్ధదినములలో రహస్యముగా అనువదించెను. 1952లో ఆ అనువాదము వెలువడెను. యుద్ధము ఎందరో బిడ్డలను తల్లిదండ్రులు లేనివారినిగా చేసిన ఆ దేశము ఆన్‌ను తన బిడ్డగా స్వీకరించెను.

తుదకు, కూడబెట్టిన ధనముంచిన బ్యాంకు కూలిన వార్త విని మాథ్యూ గుండె ఆగెను. మరిల్లాకు చూపు మందగించుచుండెను. కళాశాల విద్యార్థివేతనము గెలిచిన ఆన్ దానిని విడిచి, ఇంటనే నిలిచెను. ఆడపిల్ల చదువే బలి కావలెనా యని అడుగువారు కలరు. న్యాయమైన ప్రశ్నయే. అయితే ఆన్‌ను ఎవరును నిర్బంధింపలేదు. మరిల్లా వలదనియే పలికెను. ఆన్ చదువును మానలేదు. 1915లో వచ్చిన మఱియొక నవలలో కళాశాలకును వెళ్లెను.

రక్తసంబంధము లేనివారు ఒకరి నొకరు ఎన్నుకొనుటయే ఈ కథకు ప్రాణము. గ్రంథాలయమును అట్టి యిల్లే. గడప త్రొక్కిన బిడ్డను అది ఎవరి బిడ్డవని యడుగదు. ఏ పుస్తకము కావలెనని మాత్రమే యడుగును. ఆ ప్రశ్న ఈ గ్రామమున ప్రతి బిడ్డకును వినబడుగాక!