తాత్కాలిక నివేదిక – నిలిచియుండు కాగితము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



వ్యాసభగవానుడు భారతము చెప్పుచుండగా విఘ్నేశ్వరుడు వ్రాయ పూనుకొన్న కథ అందఱు నెఱిగినదే. గంటము ఆగరాదని లేఖకుడు నియమము పెట్టినాడు. అర్థము తెలియక ఒక్క అక్షరమైనను వ్రాయరాదని కవి ప్రతినియమము పెట్టినాడు. నేటి కంప్యూటరు మొదటి నియమమును చక్కగనే పాటించును. రెండవదానిని మాత్రము ఎన్నడును పాటింపదు. చెప్పినది వ్రాయును, అర్థము దానికి పట్టదు. ఆ భారమంతయు చెప్పువానిదే. గ్రంథాలయపు లెక్కలను ఇట్టి లేఖకునిచేత కాగితముపై వ్రాయించుటను గూర్చియే ఈ ప్రసంగము.

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అను డేటాబేస్ సాధనము 1992 నవంబరులో వెలువడినది. బల్లమీది కంప్యూటరులో ఒకే ఫైలుగా ఇమిడి, చిన్న కార్యాలయములకు బాగుగా ఒదుగును. పుస్తకములకొక టేబుల్, పాఠకులకొక టేబుల్, ఎరువిచ్చిన పద్దులకొక టేబుల్ ఉన్నచో గ్రంథాలయమునకు చాలును. చిట్టాకును ఆవర్జాకును గల భేద మెఱిగినవారికి ఇందలి పద్ధతి క్రొత్తది గాదు. చిట్టాలో నాటినాటి పద్దులు జరిగిన వరుసనే యుండును. ఆవర్జాలో అవియే పేరుపేరునకు వేఱుపడును. టేబుల్ చిట్టావంటిది. దానిని ప్రశ్నించి పద్దులను వేఱుచేయునది క్వెరీ. వచ్చిన సమాధానమును శీర్షికలతో, మొత్తములతో కాగితమున కెక్కించునది రిపోర్టు.

రిపోర్టును ఒకమాఱు చేతితో దిద్దియుంచినచో ఏండ్ల తరబడి పనికివచ్చును. నిలువు వరుసల సంఖ్య ముందుగా తెలియనిచోటనే చిక్కు వచ్చును. ఏ విషయపు పుస్తకములు ఏ నెలలో ఎన్ని పోయినవో చూపుమన్నారనుకొనుడు. మూడు నెలలకు మూడు వరుసలు, ఏడాదికి పండ్రెండు. క్రాస్‌టాబ్ క్వెరీ నెలలెన్నియో అన్ని వరుసలను పుట్టించును గాని, ముందు దిద్దిన రిపోర్టు వాని నెఱుగదు. అట్టిచోట విజువల్ బేసిక్ కోడు వ్రాసి, అప్పటికప్పుడు రిపోర్టును నిర్మింపజేయుదురు.

వినాయకచవితి మట్టిప్రతిమ వంటిది ఈ రిపోర్టు. ‘క్రియేట్ రిపోర్ట్’ అను ఆజ్ఞతో ఆవాహనము జరుగును. డిజైన్ వ్యూలో ఉత్త రిపోర్టొకటి పుట్టును. దానికి రికార్డ్ సోర్స్‌గా క్వెరీ పేరు చెప్పవలెను. పిదప క్వెరీలోని ఒక్కొక్క ఫీల్డునకు ‘క్రియేట్ రిపోర్ట్ కంట్రోల్’ అను ఆజ్ఞను రెండుమాఱు లీయవలెను: పుట తలభాగమున లేబుల్ కొఱకు ఒకమాఱు, వివరభాగమున టెక్స్ట్ బాక్సు కొఱకు ఒకమాఱు. కొలతలన్నియు ట్విప్పులలో నుండును. అంగుళమునకు 1440 ట్విప్పులు. ఈ గుణకారములో తొందరపడినచో వరుసలు ఒకదానిపై నొకటి ఎక్కును. కాగితపు వెడల్పును మించినచో మిగిలినభాగము వేఱొక పుటపై పడును. ముద్రణమైన పిమ్మట రిపోర్టును మూసి, భద్రపఱచియున్నచో ‘డిలీట్ ఆబ్జెక్ట్’ అను ఆజ్ఞతో ఉద్వాసన చెప్పవలెను. మూయకముందు ఉద్వాసన చెల్లదు.

తెలుగువారికి ఇందొక ప్రత్యేకపు ఇబ్బంది కలదు. యాక్సెస్ 2000 మొదలుకొని టేబుళ్లలో యూనికోడు తెలుగు నిలుచును గాని, కోడు వ్రాయు కిటికీ యూనికోడు నెఱుగదు. అందు ‘పుస్తకము’ అని వ్రాసినచో వరుసగా ప్రశ్నార్థక చిహ్నములు కనబడును! అక్షరముల నొక్కొక్కటిగా సంఖ్యలతో చెప్పుట ఒక ఉపాయము. అకారమునకు సంఖ్య 3077. పేరు వ్రాయుటకే ఇంత శ్రమ పడనేల? తెలుగు శీర్షికలను వేఱొక టేబుల్‌లో ఉంచి, కోడుచేత తెప్పించుకొనుట మేలు.

ఈ నిర్మాణము నేర్పుగలదే గాని ప్రతిదినమును చేయదగినది కాదు. పుట్టించి తొలగించిన రిపోర్టుల చోటు ఫైలులో వెంటనే ఖాళీ కాదు. కాంపాక్ట్ చేయువఱకు ఫైలు ఉబ్బుచునే యుండును. ఫైలునకు 2 గిగాబైట్ల హద్దు కలదు. కోడును మూసివేసిన ఏసీసీడీఈ ఫైలులో క్రొత్త రిపోర్టును పుట్టించుటయే సాధ్యము గాదు. కావున పండ్రెండు నెలలకు సరిపడు ఖాళీ పెట్టెలతో ఒక రిపోర్టును ముందే దిద్దియుంచి, తెఱచునపుడు కావలసినవానికి ఫీల్డుల పేర్లు కట్టి, మిగిలినవానిని దాచివేయుట ఉత్తమము. వరుసలకు మితము తెలిసినచోట ఇదియే చాలును. తెలియనిచోటనే ఆవాహనోద్వాసనలు.

ఐతే రిపోర్టునకు ఉద్వాసన చెప్పినను కాగితమునకు చెప్పలేరు. తిరిగి వచ్చిన తేదీ గడి ఖాళీగా నున్నచో పుస్తకము రాలేదని క్వెరీ తలచును. ఒక పాఠకుడు సాయంకాలము పుస్తకము తెచ్చి ఇచ్చినాడు, పద్దు పడలేదు. మఱునాడు ఉదయము జాబితా ముద్రితమై గోడకెక్కినది. మధ్యాహ్నము పద్దు పడినది. టేబుల్ సత్యమునే చెప్పుచున్నది; రిపోర్టు అంతరించినది; గోడమీది కాగితము మాత్రము నెలదినములు ఆ పాఠకుని పేరును బకాయిదారుగా చూపుచునే యుండును. దారిని పోవువాడు గోడను చదువును గాని టేబుల్‌ను చదువడు. పుస్తకమెగవేసినవాడన్న మాట పల్లెలో చిన్నది గాదు.

అందుచేత తాత్కాలిక రిపోర్టును నిర్మించు కోడులో మొట్టమొదట వ్రాయవలసినవి పుట అడుగుభాగపు టెక్స్ట్ బాక్సులు. ఒకదానిలో ముద్రించిన తేదీయు గంటయు. ‘నౌ’ అను ఒక్క మాటతో అది వచ్చును. రెండవదానిలో ఏ నియమముతో పద్దులను ఏఱినదో, ఏ తేదీవఱకు పడిన పద్దులు లెక్కకు వచ్చినవో తెలుగులో స్పష్టముగా ఉండవలెను. మూడవదానిలో పుట సంఖ్యయు, మొత్తము పుటల సంఖ్యయు. ఐదు పుటల జాబితాలో చివరిది ఊడిపోయినచో, నాలుగవ పుట అడుగున నున్న ‘5లో 4’ అను మాటయే దాని లోపమును తెలుపును.