కుళాయిల జత

స్నానాల గది కట్టించేటప్పుడు చాలామంది ముందు టైల్స్ ఎంచుకుని, కుళాయిల సంగతి చివరికి వదిలేస్తారు. ఈ వరస మార్చండి. నీటిని షవరుకో కుళాయికో మళ్లిస్తూ గోడలో దాగి ఉండే డైవర్టర్ ఒక కంపెనీదీ, పైకి కనిపించే పిడి ఇంకో కంపెనీదీ అయితే సాధారణంగా అతకవు. ప్లంబరు గోడ కొట్టకముందే డైవర్టరు, షవరు, కుళాయిలు ఒకే కంపెనీవి తీసుకోండి.

ఇక రంగు. మన దగ్గర ఎన్నో ఇళ్లకు బోరునీళ్లే ఆధారం. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఆరిపోయాక తెల్లటి మరకలవుతాయి. ఇప్పుడు ముచ్చటపడి కొంటున్న నల్ల కుళాయిల మీద అవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మెరిసే క్రోమియం పూత మీద అంతగా తెలియవు. కొన్నేళ్లకు ఒక్క కుళాయి పాడైనా క్రోమియంలో దానికి జత దొరకడం తేలిక. నా ఓటు క్రోమియానికే. దాని మీద యాసిడ్ మాత్రం పోయకండి, పూత పోతుంది.

కమోడ్, వాష్‌బేసిన్ కూడా ఒకేచోట, ఒకేసారి కొనండి. తెలుపులోనూ తేడాలుంటాయి. కమోడ్ మురుగు గొట్టం నేలలోకి పోతుందా, గోడలోకి పోతుందా చూసుకుని, నేలలోకైతే గోడ నుంచి దాని దూరం, గోడలోకైతే నేల నుంచి దాని ఎత్తు కొలిచి రాసుకోండి. దుకాణానికి బయల్దేరే ముందు, మీ ఇంట్లో వాడే బకెట్ ఎత్తు కూడా కొలుచుకోండి, కుళాయి కింద అది పట్టాలి కదా.